పందొమ్మిదేళ్ళప్పుడు రాసినవాటితో ఇప్పుడేం చేయాలి?

మాస్టారూ, మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్పుకుందాం, చదివే మిగతావాళ్ళకూ తెలుస్తుంది. ఒంగోలులో ఇంజినీరింగ్ చదివే రోజుల్లో, 2012 నుంచి 2015 దాకా, ఫేస్‌బుక్‌లో తోచిందల్లా రాశారు. సమైక్యాంధ్ర ఉద్యమం నడిచినప్పుడు తెలంగాణ వాళ్ళ మీద, ఆ తర్వాత రిజర్వేషన్ల మీద, సినిమా విడుదలైనప్పుడల్లా అవతలి హీరో అభిమానుల మీద. 2014 జులైలో మీ క్లాస్‌మేట్ ఒకతను 1985లో కారంచేడులో హత్యకు గురైన దళితులను తలుచుకుంటూ పెట్టిన పోస్టు కింద ఎగతాళిగా ఒక కామెంట్ పెట్టారు. ఇప్పుడు మెగా డీఎస్సీలో టీచర్ ఉద్యోగం వచ్చి దర్శి వైపు బడిలో చేరారు. తోటి టీచర్ ఒకాయన మీ పాత పోస్టు స్క్రీన్‌షాట్ స్టాఫ్‌రూములో చూపించి నవ్వాడు. అన్నీ తీసేయాలా, తీసేస్తే పారిపోయినట్టవుతుందా, అందరికీ కలిపి ఒక క్షమాపణ పోస్టు పెట్టాలా, ఉద్యోగానికి ముప్పుందా అని అడిగారు.

నేను ఒంగోలు కోర్టుల్లో చాలాకాలంగా ప్రాక్టీసు చేస్తున్న అడ్వకేటుని. పాత రాతల తగాదాలు ఈమధ్య తరచుగా నా దగ్గరకు వస్తున్నాయి. పెళ్ళి సంబంధం కుదిరాక అమ్మాయి తరఫువాళ్ళు బయటికి తీసినవి, అన్నదమ్ముల వాటాల గొడవలో అక్కసుకొద్దీ పంచినవి, పంచాయతీ ఎన్నికలకు నామినేషన్ వేసిన మర్నాడు ఊరి వాట్సాప్ గ్రూపులో ప్రత్యక్షమైనవి. వచ్చిన ప్రతివాళ్ళూ పోస్టులను ఏది ఎక్కువ సిగ్గుగా ఉంది అనే లెక్కన వేరుచేసుకుని వస్తారు. మీరూ అదే చేశారు. హీరో గొడవల గురించి రెండు పేరాలు రాసి, కారంచేడు కామెంట్‌ని ఒక్క వాక్యంలో దాటేశారు. నా మాట వింటే, ఆ మాట ఎవరికి తగిలింది అనే లెక్కన వేరుచేయండి. అప్పుడు దేన్ని ఏం చేయాలో చాలావరకు దానంతటదే తేలుతుంది.

అన్నిటికన్నా ముందు, ఏదీ తీయకముందే, మీ ఖాతా సమాచారమంతా డౌన్‌లోడ్ చేసుకోండి. సెట్టింగుల్లో ఆ సౌకర్యం ఉంది. పోస్టులు ఒక చోట, కామెంట్లు ఇంకో చోట, గ్రూపుల్లో రాసినవి వేరే చోట పెట్టి ఇస్తారు. ఇది ఎందుకంటే, రేపు ఎవరో సగం కత్తిరించిన స్క్రీన్‌షాట్ చూపిస్తే మొత్తం మాట ఏమిటో మీ దగ్గర ఉండాలి. రెండో కారణం ఇంకా ముఖ్యం. మనం ఏం రాశామో మనకు గుర్తుండదు. చాలామంది తమ టైమ్‌లైన్ ఒక్కటే చూసుకుని ఊపిరి పీల్చుకుంటారు. ఘోరమైనవి ఎప్పుడూ ఇంకొకరి పోస్టు కింద కామెంట్లలోనే ఉంటాయి. పాత పోస్టులన్నీ స్నేహితులకు మాత్రమే కనబడేలా ఒక్క దెబ్బతో మార్చే సదుపాయం ఉంది కదా అంటారు. అది మీ గోడ మీద ఉన్నవాటికే పనిచేస్తుంది, ఇతరుల గోడ మీద మీరు పెట్టిన కామెంట్ల జోలికి పోదు.

వెతికేటప్పుడు ఇంకో చిక్కు. 2012, 2013ల్లో మన చేతుల్లో ఉన్న ఫోన్లు చాలావాటిల్లో తెలుగు అక్షరాలు సరిగా కనబడేవే కావు, డబ్బాలు కనబడేవి. తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టేవాళ్ళు. కాబట్టి ఇవాళ తెలుగు లిపిలో వెతికితే మీకు ఒక్కటీ దొరకదు. ఒకే మాటని ఒకసారి అచ్చులు మింగేసి, ఒకసారి సాగదీసి, ఒకసారి మధ్యలో అంకె పెట్టి రాసి ఉంటారు. మీ దగ్గరున్న ఫైలు తెరిచి, తారీఖుల వారీగా చదువుకుంటూ రండి. ఉద్యమం ఉధృతంగా ఉన్న 2013 ఆగస్టు, సెప్టెంబరు, సినిమాలు విడుదలైన సంక్రాంతులు, కౌన్సెలింగ్ జరిగిన నెలలు, వీటి దగ్గర నెమ్మదిగా చూడండి. కష్టంగా ఉంటుంది. అయినా మీ చేత్తో మీరే చదవాలి. ఎవరో ఒక యాప్ ఉందనీ అన్నీ ఒకేసారి తుడిచేస్తుందనీ చెబుతారు. ఖాతా పాస్‌వర్డ్ అలాంటివాటి చేతిలో పెట్టడం ప్రమాదం, పైగా ఎవరి మీద ఏం రాశారో మీకు ఎప్పటికీ తెలియకుండా పోతుంది.

హీరో గొడవల సంగతి తొందరగా తేల్చేద్దాం. బూతులు తీసేయండి. ఎవరికీ చెప్పనక్కర్లేదు. తొలగించిన పోస్టులు ట్రాష్‌లో 30 రోజులుండి పోతాయి. ఒక్క మినహాయింపు ఉంది. ఆ తిట్లలో ఒక ఫలానా అమ్మాయిని, తోటి విద్యార్థినినో తెలిసిన మనిషినో, పేరుపెట్టి అన్నవి ఉంటే వాటిని ఈ కుప్పలో వేయకండి. వాటి గురించి కింద చెబుతాను.

తెలంగాణ గురించి రాసినవాటిలో రెండు రకాలు కలిసిపోయి ఉంటాయి. రాష్ట్రం విడిపోకూడదు, హైదరాబాదు అందరిదీ, లోక్‌సభలో 2014 ఫిబ్రవరి 18న టీవీ ప్రసారం ఆపేసి బిల్లు ఆమోదించిన తీరు అన్యాయం అని రాసుంటారు. అది అభిప్రాయం. ఆ రోజుల్లో ఈ జిల్లాలో ఆర్టీసీ డిపో నుంచి కాలేజీ దాకా అందరూ అదే మాట అన్నారు. ఇవాళ మీరు వేరేగా అనుకున్నా దానికి సిగ్గుపడాల్సిన పని లేదు, తీయాల్సిన పనీ లేదు. అవతలివాళ్ళ భాషని, తిండిని, పుట్టుకని వెక్కిరిస్తూ రాసినవి రెండో రకం. అందులో అభిప్రాయం ఏమీ లేదు, తీసేయండి. హైదరాబాదులో మీతో కలిసి ఉద్యోగం చేసిన తెలంగాణ స్నేహితుడెవరైనా ఆ రోజుల్లోనే అవి చూసి బాధపడ్డాడని మీకు తెలిస్తే, అతనికి ఒక ఫోన్ చేయండి.

అభిప్రాయం మారితే పాతదాన్ని ఏం చేయాలి అనేది మీ ప్రశ్నలో నాకు బాగా నచ్చిన భాగం. ఉంచితే ఇప్పటికీ అదే అంటున్నట్టు, తీస్తే ఎప్పుడూ అననట్టు నటించినట్టు అన్నారు. దీనికి కోర్టులు చాలాకాలంగా పాటిస్తున్న పద్ధతి ఉంది. ఎస్సీల వర్గీకరణ, అంటే ఎస్సీ కోటాని ఉపకులాల వారీగా పంచడం, మన రాష్ట్రం నుంచే వెళ్ళిన కేసు. 2004లో ఇ.వి. చిన్నయ్య కేసులో సుప్రీంకోర్టు వర్గీకరణ చెల్లదంది. 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆరుగురి మెజారిటీతో చెల్లుతుందంది. మీరు రాసిన డీఎస్సీకి ముందు రాష్ట్రంలో వర్గీకరణ పూర్తిచేసింది ఆ తీర్పు వచ్చినందుకే. మరి 2004 తీర్పుని పుస్తకాల్లోంచి చింపేశారా? లేదు. ఇవాళ కూడా లా రిపోర్టుల్లో అది ఎక్కడుండాలో అక్కడే ఉంది. కొత్త తీర్పు దాన్ని పేరుపెట్టి చెప్పి, ఎక్కడ పొరపాటు పడిందో చెప్పి, ఇకపై ఇది చెల్లదని రాసింది. ఎమర్జెన్సీలో నిర్బంధించినవాళ్ళకు కోర్టుకెళ్ళే హక్కు లేదన్న 1976 జబల్పూర్ తీర్పుకీ 2017లో గోప్యత హక్కు తీర్పులో అదే జరిగింది. పాత తీర్పు రాసిన ఒక న్యాయమూర్తి కొడుకే దాన్ని తప్పని రాశారు.

మీ పాత అభిప్రాయాల్లో నిజంగా వాదన ఉన్నవాటికి ఇదే చేయండి. పోస్టుని దిద్దకండి. దిద్దితే ఎడిట్ హిస్టరీలో పాతదీ కొత్తదీ రెండూ కనబడతాయి, దొంగచాటుగా మార్చినట్టుంటుంది. కింద మీరే ఒక కామెంట్ పెట్టండి, తారీఖు వేసి: ఇది 2014లో రాశాను, ఇప్పుడు నా అభిప్రాయం ఇది, మారడానికి కారణం ఇది. రెండు వాక్యాలు చాలు. నెల్లూరు దగ్గర పల్లిపాడు ఆశ్రమాన్ని 1921లో ప్రారంభించిన గాంధీగారు, తన రాతల్లో ఒకదానికొకటి పొసగడం లేదని జనం అడుగుతుంటే, 1933 ఏప్రిల్‌లో హరిజన్ పత్రికలో తేలిగ్గా తేల్చేశారు: ఒకే విషయం మీద నేను రెండు రకాలుగా రాస్తే తర్వాత రాసినదాన్నే తీసుకోండి అన్నారు. ఆయన పాతవి దాచలేదు. తర్వాతది ఏదో జనానికి తెలియాలంటే రెండింటి మీదా తారీఖు ఉండాలి కదా.

రిజర్వేషన్ల మీద మీరు రాసినవాటికీ ఇదే కొలత. రిజర్వేషన్లు ఆర్థిక ప్రాతిపదిక మీద ఉండాలని రాసి ఉంటే అది దేశంలో కోట్లమంది చేసిన వాదన. 2019లో 103వ రాజ్యాంగ సవరణతో అగ్రవర్ణాల పేదలకు 10 శాతం వచ్చింది, 2022 నవంబరులో సుప్రీంకోర్టు ముగ్గురు ఒకవైపు ఇద్దరు ఒకవైపుగా దాన్ని సమర్థించింది. నాకు ఆ వాదనతో పేచీ ఉంది, అయినా అది వాదనే. కానీ మార్కులు తక్కువొచ్చిన తోటి విద్యార్థిని కోటా గాడు అనడం, వాళ్ళు కట్టిన వంతెనలు కూలిపోతాయని జోకులు పంచడం, వీటికి వాదన అనే గౌరవం ఇవ్వకండి. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మీరు ఇప్పుడు సర్కారు బడిలో ఉన్నారు. మీ ముందు బెంచీల మీద కూర్చున్న పిల్లల్లో ఎంతమంది ఎస్సీ, ఎస్టీ, బీసీ కాలనీల నుంచి వస్తున్నారో హాజరుపట్టీ చూస్తే మీకే తెలుస్తుంది. పాత పోస్టు తీసేయడం ఒక్క నిమిషం పని. ఆ పిల్లవాడు లెక్క తప్పు చేసినప్పుడు మీ మనసులో మొదట ఏ మాట వస్తుందో అది చూసుకోవడం అసలు పని. ఫేస్‌బుక్‌లో లేని పోస్టు తలలో మిగిలి ఉంటే పిల్లలు పసిగడతారు.

ఇక కారంచేడు. మీరు పెట్టిన కామెంట్ ఇక్కడ మళ్ళీ రాశారు, నేను దాన్ని తిరిగి చెప్పను. ముందు ఆ ఊళ్ళో ఏం జరిగిందో తెలుసుకున్నారా? 1985 జులై 17. అప్పుడు కారంచేడు మన ప్రకాశం జిల్లాలోనే ఉంది, ఇప్పుడు బాపట్ల జిల్లా. మాదిగపల్లె వాళ్ళు తాగే చెరువు నీళ్ళను మురికి చేయొద్దని అడిగిన దగ్గర ముందురోజు గొడవ మొదలైంది. 17న పొద్దున ఊరి అగ్రకుల భూస్వాములు పల్లె మీద పడి, పరిగెత్తేవాళ్ళను పొలాల్లో వెంటాడి, ఆరుగురిని చంపారు. ఆడవాళ్ళ మీద అత్యాచారాలు చేశారు. మిగిలినవాళ్ళు పిల్లాపాపలతో చీరాల చేరారు, అక్కడే శిబిరంలో ఉండి పోరాడారు. కత్తి పద్మారావు, బొజ్జా తారకం లాంటివాళ్ళు ముందు నిలవగా దళిత మహాసభ పుట్టింది అప్పుడే. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది 1989లో. సుప్రీంకోర్టు తుది తీర్పు 2008లో. ఇరవైమూడేళ్ళు. ఆ ఏళ్ళన్నీ కోర్టు గుమ్మాల చుట్టూ తిరిగినవాళ్ళు మన మధ్యే ఉన్నారు, వాళ్ళ మనవలు మీతో పాటు ఇంజినీరింగ్ చదివారు. మీ క్లాస్‌మేట్ కుటుంబం ఆ రోజు ఎక్కడుందో మీరు అప్పుడు అడగలేదు. ఇప్పుడూ అడగకండి. కానీ తెలిసే రాయండి.

మీరు అన్నారు, ఆ కామెంట్ తీసేస్తే చాలు కదా, అతను కూడా మరిచిపోయి ఉంటాడని. మరిచిపోడు మాస్టారూ. అన్నవాడు మరిచిపోతాడు. తీసేముందు ఒక సంగతి గమనించండి. ఫేస్‌బుక్‌లో ఒక కామెంట్ తీసేస్తే దాని కింద మిగతావాళ్ళు రాసిన జవాబులు కూడా పోతాయి. మీరు ఎగతాళి చేసినప్పుడు అతను మీకు ఓపిగ్గా జవాబు చెప్పాడన్నారు. ఆ జవాబు అతనిది. తన పోస్టు కింద, తనవాళ్ళ కోసం, ఇరవయ్యేళ్ళ వయసులో ఒక్కడే నిలబడి రాసినది. మీ పరువు కోసం దాన్ని కూడా కలిపి తుడిచేసే హక్కు మీకు లేదని నేను అనుకుంటాను. అందుకని వరస మార్చండి. ముందు అతనికి రాయండి, తర్వాత తీయండి.

అందరికీ కలిపి బహిరంగ క్షమాపణ పెట్టాలా అని అడిగారు. వద్దు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఉంటుందని మీ శ్రేయోభిలాషులు చెప్పే కారణం నాకు పెద్దగా పట్టదు. నా కారణం వేరు. కందుకూరు వైపు అబ్బాయి ఒకడు, కాలేజీలో ఉండగా ఒకమ్మాయి గురించి పేరుపెట్టి నీచంగా రాశాడు. ఏళ్ళ తర్వాత మంచి ఉద్యోగంలో కుదురుకున్నాక మనసు మారింది. నిజంగానే మారింది, నేను మాట్లాడాను. పెద్ద పోస్టు పెట్టాడు, పేరు చెప్పకుండా, ఒకమ్మాయికి అన్యాయం చేశానని. వందలమంది మెచ్చుకున్నారు, ధైర్యవంతుడివన్నారు. కింద కామెంట్లలో పాత క్లాస్‌మేట్లు ఎవరబ్బా ఆ అమ్మాయి అని ఊహించుకుంటూ చివరికి పేరు తేల్చేశారు. ఆ అమ్మాయి అప్పటికి గూడూరులో అత్తగారింట్లో ఉంది. నా దగ్గరకు వచ్చి ఒకటే మాట అంది: "అందరూ మరిచిపోయిన సంగతి, మళ్ళీ తెచ్చి మా ఇంట్లో పెట్టాడక్కా. నన్నొక్క మాట అడిగితే వద్దనేదాన్ని." దెబ్బ తిన్న మనిషి ఒకరుంటే క్షమాపణ ఆ మనిషికే చేరాలి. ఊరంతటికీ చెబితే మెప్పు మీకు వస్తుంది, బరువు మళ్ళీ వాళ్ళ మీదే పడుతుంది.

ఎలా రాయాలి అంటారా. ఫోన్ చేయకండి, ఇంటికి వెళ్ళకండి. ఎదురుగా నిలబడితే అతను మర్యాదకైనా పర్లేదులే అనాల్సి వస్తుంది. ఉమ్మడి స్నేహితుడిని రాయబారం పంపకండి. మెసేజ్ పెట్టండి, లేదా ఉత్తరం రాయండి. చదవాలో వద్దో, జవాబివ్వాలో వద్దో అతని ఇష్టం. ఇట్టా ఉండొచ్చు:

"2014 జులై 17న నువ్వు కారంచేడు గురించి రాసినదాని కింద నేను ఎగతాళిగా కామెంట్ పెట్టాను. చనిపోయినవాళ్ళ మీద పెట్టాను. నువ్వు జవాబు చెప్పినా ఆగలేదు. అది తప్పు. అప్పటికి నాకు అక్కడ ఏం జరిగిందో తెలియదు, తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. ఆ కామెంట్ ఇంకా అక్కడే ఉంది. తీస్తే దాని కింద నువ్వు రాసినవి కూడా పోతాయి. ఉంచమన్నా తీయమన్నా నువ్వు చెప్పినట్టు చేస్తాను. నువ్వేమీ చెప్పకపోతే నెలాఖరున తీసేస్తాను. దీనికి జవాబు రాయాల్సిన పని లేదు."

చూడండి, ఇందులో ఏం అన్నారో ఉంది, ఎప్పుడన్నారో ఉంది, ఎవరి మీదో ఉంది. నీ మనసు నొచ్చుకుని ఉంటే అనే మాట లేదు, ఎందుకంటే నొచ్చుకుందని మీకు తెలుసు. అప్పుడు చిన్నతనం అనీ లేదు, పక్కవాళ్ళు ఎగదోశారనీ లేదు, కొత్త ఉద్యోగం ఊసు అసలే లేదు. ఉద్యోగం ఊసెత్తారంటే మిగతా ఉత్తరమంతా దానికోసమే అనిపిస్తుంది. క్షమించమని కూడా అడగలేదు. అడిగితే అతని మీద ఒక పని పెట్టినట్టే. ఇంకోటి, జులై 17న మాత్రం పంపకండి. ఆ రోజు వాళ్ళకు వేరే పని ఉంటుంది.

జవాబు రాకపోవచ్చు. కోపంగా రావచ్చు. కావలి నుంచి వచ్చిన ఒక క్లయింటు చేత ఇలాంటిదే రాయిస్తే అవతలి నుంచి వచ్చిన జవాబు "ఇన్నేళ్ళు యాడున్నావ్?" అని, అంతే. ఆయన నా దగ్గరకు వచ్చి ఇప్పుడేం రాయాలమ్మా అన్నాడు. ఏమీ రాయొద్దన్నాను. అది ప్రశ్న లాగా ఉన్నా జవాబు కోరే ప్రశ్న కాదు. అలాంటిది వస్తే మీరూ మౌనంగా ఉండండి, కామెంట్ విషయం మాత్రం చెప్పిన మాట ప్రకారం చేయండి.

అడ్వకేటుగా ఒక హెచ్చరిక ఇక్కడే చేయాలి. ఆ మెసేజ్ చట్టం దృష్టిలో ఒప్పుకోలు. రేపు కేసయితే మీకు వ్యతిరేకంగా వాడొచ్చు. నా వృత్తిలో చాలామంది అందుకే ఏమీ రాయొద్దు, గుట్టుగా తీసేయ్ అని చెబుతారు, వాళ్ళు చెప్పేదాంట్లో చట్టపరంగా తప్పు లేదు. అయినా నేను రాయమనే చెబుతున్నాను. ప్రమాదం ఎంతో తెలుసుకుని రాయండి.

ఆ ప్రమాదం సంగతి. రెండు వర్గాల మధ్య శత్రుత్వం పెంచే రాతలకు పాత శిక్షాస్మృతిలో 153ఎ, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 196. మామూలుగా గరిష్ఠ శిక్ష మూడేళ్ళు. ఏడాదికి మించి మూడేళ్ళ దాకా శిక్షలున్న నేరాలను కోర్టు విచారణకు తీసుకోవడానికి మూడేళ్ళ కాలపరిమితి ఉంది. ఆలస్యాన్ని మన్నించే అధికారం కోర్టుకు ఉన్నా, 2013 నాటి తెలంగాణ పోస్టుల మీద ఇవాళ కేసు నిలబడటం కష్టం. ఆ రోజుల్లో అందరినీ భయపెట్టిన, ఆన్‌లైన్ రాతలకు జైలుశిక్ష వేసే ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. కారంచేడు కామెంట్ వేరు. ఎస్సీ, ఎస్టీ చట్టంలో బహిరంగంగా అవమానించడానికి ఆరు నెలల నుంచి ఐదేళ్ళ దాకా శిక్ష. ఐదేళ్ళ శిక్ష ఉన్నదానికి ఆ కాలపరిమితి వర్తించదు. 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త సెక్షన్లు మీ 2014 కామెంట్‌కి వర్తించవు, నేరం జరిగిన నాటి చట్టమే వర్తించాలని రాజ్యాంగం 20వ అధికరణం చెబుతుంది. కానీ అప్పటి చట్టంలోనూ అవమానం నేరమే. మీ కామెంట్ ఆ నిర్వచనంలోకి వస్తుందా అనేది వాదించదగ్గ విషయం, రాదని మాత్రం భరోసా ఇవ్వను. మీకప్పుడు పందొమ్మిది నిండాయి కాబట్టి, పిల్లలు చేసిన నేరం వాళ్ళ భవిష్యత్తుకి అడ్డుపడకూడదని బాలల న్యాయ చట్టం ఇచ్చే వెసులుబాటు కూడా మీకు లేదు.

ఒకటి గుర్తుపెట్టుకోండి. ఇప్పటిదాకా ఫిర్యాదు లేదు గనక మీ కామెంట్ మీరు తీసుకోవచ్చు. ఫిర్యాదో నోటీసో వచ్చాక తీస్తే సాక్ష్యం మాయం చేశారన్న ఇంకో నేరం మెడకు చుట్టుకుంటుంది. అప్పుడు ఏదీ ముట్టుకోకుండా లాయరు దగ్గరకు వెళ్ళండి.

కొత్త డేటా రక్షణ చట్టం కింద అన్నీ తీయించొచ్చని ఎవరో చెప్పారన్నారు. 2023 నాటి ఆ చట్టంలో తొలగించమని కోరే హక్కు ఉన్నమాట నిజమే. కానీ మనిషి తనంతట తాను బహిరంగంగా పెట్టిన సమాచారానికి ఆ చట్టమే వర్తించదని మూడో సెక్షన్‌లో స్పష్టంగా ఉంది. అక్కడ ఇచ్చిన ఉదాహరణ కూడా సోషల్ మీడియాలో తన అభిప్రాయాలు రాసుకునే మనిషిదే. 2017 గోప్యత తీర్పులో జస్టిస్ సంజయ్ కిషన్ కౌల్, మనుషులు ఎదుగుతారు, మారతారు, తప్పులు దిద్దుకుని కొత్తగా మొదలుపెట్టే హక్కు వాళ్ళకుందని రాశారు. నాకు చాలా ఇష్టమైన భాగం అది. కానీ దాన్ని చూపించి మీ స్టాఫ్‌రూములో ఉన్న ఫోన్లోంచి స్క్రీన్‌షాట్ తీయించలేం.

ఉద్యోగం సంగతి. చేరేటప్పుడు నింపే ధ్రువీకరణ పత్రంలో అరెస్టులు, కేసులు, శిక్షల గురించి అడుగుతారు, ఫేస్‌బుక్ అభిప్రాయాల గురించి అడగరు. మీ మీద కేసు లేదు, మీరు దాచింది లేదు. పాత రాతల ఆధారంగా నేరుగా ఉద్యోగం పోయే పరిస్థితి నాకు కనబడటం లేదు. ఇక మీదట రాసేవి వేరే. 1964 నాటి ప్రవర్తనా నియమావళి ప్రకారం ప్రభుత్వ విధానాన్ని బహిరంగంగా విమర్శించకూడదు, పార్టీ రాజకీయాల్లో పాల్గొనకూడదు. కాలేజీ రోజుల్లో రాసినట్టు రాయడం కుదరదు. అభిప్రాయాలు చంపుకోమనడం లేదు, ఓటు మీ చేతిలోనే ఉంది.

స్టాఫ్‌రూములో నవ్వినాయన దగ్గరకు వద్దాం. ఆయన చూపించింది హీరో గొడవదే అన్నారు కదా. మళ్ళీ తీస్తే, "అవును సార్, నేను రాసిందే. ఇప్పుడు అట్టా రాయను" అనండి. ఫేక్ అకౌంట్ అనీ, హ్యాక్ అయిందనీ మాత్రం ఎన్నడూ అనకండి. ఈ జిల్లాలో అందరూ చెప్పే అబద్ధం అది, ఎవరూ నమ్మరు. ఆ స్క్రీన్‌షాట్‌ని అడ్డం పెట్టుకుని ఆయన డబ్బో, డ్యూటీలో వెసులుబాటో అడిగితే బెదిరింపు కిందికి వస్తుంది. మెసేజ్‌లు దాచి పెట్టుకుని పోలీసులకు ఇవ్వండి. అంతదాకా రాకపోతే పట్టించుకోకండి. కారంచేడు కామెంట్ ఆయన చేతిలో ఉందని మీకు అనుమానమైతే, అది తల్లిదండ్రుల గ్రూపులోకి చేరకముందే మీ హెడ్మాస్టరు గారికి మీరే చెప్పండి. క్లాస్‌మేట్‌కి రాసిన మెసేజ్ ఆయనకు చూపించకండి, అది ఆ ఒక్కరికి రాసినది. అన్నది ఒప్పుకుని, తప్పని చెప్పి, ఊరుకోండి.

డౌన్‌లోడ్ ఈ ఆదివారమే పెట్టుకోండి. పెద్ద ఖాతా అయితే ఫైలు రావడానికి టైం పడుతుంది. చదవడం అయ్యాక మీకు గుర్తులేని పేర్లు ఒకటో రెండో తప్పకుండా బయటపడతాయి, అప్పుడు మళ్ళీ అడగండి. పేర్లు రాయొద్దు, ఆ మాటలు మళ్ళీ ఇక్కడ పెట్టొద్దు, ఎవరికి తగిలాయో అది చెబితే చాలు. ఇక్కడి ప్రశ్నలో మీరు తిరిగి రాసిన ఆ కామెంట్ మాటలు కూడా ఇవాళే తీసేయండి.